ఎడమ నుంచి వచ్చే బల్లి

మా ఆయన ఆ ఆటలో చచ్చిపోవడం పెళ్ళయిన పద్దెనిమిదేళ్లలో నేనెప్పుడూ చూడలేదు. అందుకే మొదటిసారి చచ్చిపోయినప్పుడు చేతిలో పని ఆపి చూశాను.

డబ్బా టీవీకి తగిలించుకునే పాత గేమ్ పెట్టె అది. ఆయన బడికి వెళ్ళే రోజుల్లో రాక్షస బల్లుల సినిమా ఒకటి వచ్చిందట. ఆ సినిమాని బట్టి తయారు చేసిన ఆట ఇది. దాన్ని కొనిపించుకోవడానికి అన్నదమ్ములిద్దరూ రెండు రోజులు తిండి మానేశారని మా అత్తగారు చెప్పేది. క్యాసెట్ మీద నోరు తెరిచిన బల్లి బొమ్మ అరిగి అరిగి, ఇప్పుడు పళ్ళు మాత్రమే మిగిలాయి.

ఆట పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. చిరిగిన చొక్కా వేసుకున్న మనిషి ఒకడు ఎడమ నుంచి కుడికి పరిగెత్తుతుంటాడు. కొమ్మల మీద, గొట్టాల మీద, రేకుల కప్పుల మీద గెంతుతుంటాడు. అతని వెనక, అంటే తెర ఎడమ అంచులోంచి, బల్లులు వస్తాయి. అప్పుడప్పుడు ఎదురుగా, కుడి అంచులోంచి కూడా. పెద్దవి వచ్చేముందు నేల అదురుతున్నట్టు మూడు దరువులు వినిపిస్తాయి. చిన్నవి, కోడిపెట్టంత ఉండేవి, చప్పుడు లేకుండా వస్తాయి. నాలుగో మెట్టులో ముందు పెద్ద గొయ్యి, వెనక ఈ చిన్న బల్లుల మంద. దానికి అన్నదమ్ములు 'నుయ్యి-గొయ్యి' అని పేరు పెట్టుకున్నారు.

ఆయన టవర్ క్రేన్ నడుపుతారు. పొద్దుట ఏడింటికల్లా నిచ్చెన ఎక్కి, ఆకాశంలో అద్దాల గదిలో కూర్చుంటే మళ్ళీ సాయంత్రమే నేల మీద కాలు పెట్టడం. ఇంటికొచ్చి, స్నానం చేసి, టీ తాగి, ముప్పావు గంట ఆ ఆట ఆడతారు. పేపరు చదివే మగాళ్లున్నారు, వార్తలు చూస్తూ టీవీ మీద కేకలేసే మగాళ్లున్నారు. వాళ్లతో పోలిస్తే నాది మంచి బేరమేనని అనుకునేదాన్ని.

ఆ మంగళవారం నేను వంటింటి గుమ్మంలో నిలబడి గిన్నె తుడుస్తున్నాను. ఎడమ అంచులోంచి చిన్న బల్లి వచ్చింది. నేను చూశాను. పది అడుగుల దూరంలో, గిన్నె తుడుస్తూ, పక్క చూపుతోనే చూశాను. తెర ముందే కూర్చున్న మనిషి బొటనవేలు కదల్లేదు. బల్లి వచ్చి కాలు పట్టుకుంది. దిగజారిపోయే రాగం ఒకటి వినిపించింది. ఆ రాగం మా ఇంట్లో వినడం నాకదే మొదలు.

"క్యాసెట్ పోయింది," అన్నారు ఆయన.

దాన్ని బయటికి లాగి, నోటితో ఊది, దూదికి స్పిరిట్ అద్ది అంచులు తుడిచారు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు," అన్నాను.

"ముప్పై ఏళ్ల మద్దెల. ఓడు కాక ఏమవుతుంది?"

మర్నాడు నాలుగుసార్లు చచ్చిపోయారు. "వస్తున్నట్టు చూపించడం లేదు. ఎక్కడినుంచో ఊడిపడి మీదే ఉంటోంది," అన్నారు. ఈసారి నేను సామెత చెప్పలేదు. అది రావడం నాలుగుసార్లూ నేను చూశాను.

నాకొక అలవాటుంది. పాలవాడు రాని రోజులు, గ్యాస్ మార్చిన తేదీ, చొక్కా గుండీ ఊడిన రోజు, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాస్తాను. కాలేజీలో సైన్సు చదివినప్పుడు మా మేడమ్ అనేది, "అనిపించింది అని రాయకు, చూసింది రాయి" అని. డిగ్రీ పెట్టెలోకి పోయింది గానీ ఆ మాట పోలేదు. పుస్తకంలో ఒక కొత్త పేజీ తీసి మధ్యలో గీత కొట్టాను. ఒక పక్క 'ఎడమ', ఒక పక్క 'కుడి'. బల్లి ఎటు నుంచి వచ్చి ఆయన చచ్చిపోతే ఆ పక్క ఒక గీత.

రెండు వారాలయ్యేసరికి ఎడమ పక్క ఇరవై మూడు గీతలు. కుడి పక్క ఒకటి. ఆ ఒకటి కూడా ఆయన చెవి గోక్కుంటున్నప్పుడు పడింది.

గీతలు పెరిగేకొద్దీ మిగతావి కూడా కంటపడసాగాయి. ఎడమ పక్కన పెట్టిన టీ గ్లాసు మూడుసార్లు దొర్లింది. పడకగది తలుపు చట్రానికి ఎడమ భుజం కొట్టుకుని, "ఈ గుమ్మం కట్టినవాడెవడో గాని," అన్నారు. గుమ్మం మేం ఇంట్లోకి వచ్చిననాటి నుంచీ అక్కడే ఉంది. మెడ పట్టేసిందని రోజూ మందు రాయించుకుంటున్నారు. కూరగాయల కొట్టు దగ్గర ఒకసారి చుట్టూ తిరిగి, "ఎక్కడికి పోయావోయ్?" అని గట్టిగా పిలిచారు. నేను ఆయన ఎడమ చేతి పక్కనే, సంచి పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఉల్లిపాయలు సంచిలోనే వదిలేసి పుస్తకం తీశాను.

వెనక్కి వెళ్ళి పుస్తకం తిరగేస్తే ఒక తేదీ దొరికింది. రెండు నెలల కిందట, మధ్యాహ్నం, 'తలనొప్పి అని తొందరగా వచ్చారు, ఎండదెబ్బ, పడుకున్నారు' అని రాసి ఉంది. సాయంత్రానికి లేచి బాగానే తిరిగారు. ఆ తర్వాత ఆ మంగళవారం దాకా ఓవర్‌టైం అని ఆదివారాలు తప్ప ఆట ముట్టుకోలేదు. ఎండదెబ్బ అనే మాట ఆయనది. నేను చూసింది కాదు. అయినా రాసేశాను.

"కళ్ళు చూపించుకుందాం," అన్నాను ఆ రాత్రి భోజనాల దగ్గర.

"పోయిన నెలే కంపెనీ డాక్టరు చూశాడు. కింది వరస దాకా గడగడా చదివా."

"ఏళ్ల తరబడి అదే బోర్డు. ఆ అక్షరాలు మీకు కంఠతా వచ్చు."

"నీకు వంట కంఠతా రాదూ? అలాగని కూరలో ఉప్పు సరిగ్గా పడకుండా పోతోందా?" అని నవ్వారు. పళ్ళెంలో ఎడమవైపు కూర అలాగే ఉండిపోయింది. పళ్ళేన్ని నేను కొంచెం తిప్పాను. "అరె, ఇంకా ఉందే," అని తిన్నారు.

కానీ నన్ను ఒక సంగతి ఆపుతూ వచ్చింది. నా పేజీలో ఆదివారాలు ఖాళీ. ఆదివారం ఆయన గంటల తరబడి ఆడేవారు, ఒక్కసారి కూడా చచ్చిపోయేవారు కాదు. నిజంగా చూపు పోతే ఆదివారం మాత్రం ఎలా తిరిగొస్తుంది? అంటే అలసటే అయ్యుండాలి. ఆరు రోజులు ఆ ఎత్తున కూర్చున్న మనిషికి అలసట ఉండదా? ఇలా నాకు నేనే చెప్పుకుని రెండు ఆదివారాలు దాటేశాను. ఆ రెండు వారాలూ ఆయన రోజూ ఆ నిచ్చెన ఎక్కారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

ఆదివారాలు మా మరిది వస్తాడు. చిన్నప్పుడు అన్న ఎక్కడికెళ్తే అక్కడికి వెళ్ళేవాడని అందరూ 'తోక' అన్నారు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చినా ఆ పేరు ఊడలేదు. అన్న పనిచేసే సైట్‌లోనే, అన్న క్రేన్ కిందే సిగ్నల్ మాన్. కొక్కెం ఎప్పుడు పైకి లేవాలో, ఎటు తిరగాలో కింద నిలబడి వాకీటాకీలో చెప్పడం అతని పని. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, "మా జాతి అంతరించిపోయింది వదినా, ఒక్కణ్ణే మిగిలాను," అంటాడు.

మూడో ఆదివారం మధ్యాహ్నం నేను బంగాళాదుంపల పళ్ళెం తెచ్చుకుని హాల్లోనే కూర్చున్నాను. ఆయన కుర్చీలో, తోక ఆయన ఎడమ పక్కన నేల మీద, కాళ్ళు చాపుకుని బిస్కెట్లు తింటూ. తెర వైపు కాకుండా వాళ్లిద్దరి వైపు చూడటం నాకదే మొదలు.

"వెనక," అన్నాడు తోక నోట్లో బిస్కెట్‌తోనే.

ఆయన బొటనవేలు కదిలింది.

"వెనక. పొట్టిది. ఇంకోటి… ఇప్పుడు."

మళ్ళీ కదిలింది. బల్లి తెరలోకి వచ్చినప్పుడు కాదు, తోక నోరు కదిలినప్పుడు. ప్రతిసారీ అంతే. నా చేతిలో దుంప సగం చెక్కుతో ఆగిపోయింది.

చూసింది రాయాలంటే ఒకసారి చూస్తే చాలదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, "అబ్బాయ్, ఈ సీసా మూత రావట్లేదు, ఒకసారి రా," అని పిలిచాను. తోక వచ్చాడు. మూత తీసే లోపలే హాల్లోంచి ఆ దిగజారే రాగం వినిపించింది. వెనక్కి పంపాను. పావుగంట దాకా ఏ రాగమూ లేదు. ఇంకో సీసాకి పిలిచాను. రాగం వినిపించింది. మూడోసారి పిలిచేసరికి తోకకి అనుమానమొచ్చింది.

"ఏంటి వదినా ఇవాళ? ఏ సీసాలో భూతముందో వెతుకుతున్నావా?"

"సైట్‌లో కూడా ఇలాగే చెప్తావా?" అన్నాను గొంతు తగ్గించి.

"ఏం చెప్పడం?"

"వెనక అని."

అతని చేయి మూత మీద ఆగింది. హాల్లో మళ్ళీ ఆ రాగం.

"చిన్నప్పటి అలవాటు అది. జాయ్‌స్టిక్ ఒకటే కదా, అన్నయ్య చేతిలోనే ఉండేది. నాకేం పని ఉండేది కాదు. ఎడమ నేను చూస్తా, కుడి నువ్వు చూసుకో అని పంచుకున్నాం. అక్కడా అంతే."

"సిగ్నల్ మాన్ లోడు దిగే చోట కదా నిలబడాలి?"

"రూలు అదే. మేమిద్దరం కదా, మాకు రూలేంటి? నేనెప్పుడూ ఎడమే ఉంటా."

"ఈ మధ్య ఎక్కువసార్లు చెప్పాల్సి వస్తోందా?"

తోక సీసా మూత తీశాడు, మళ్ళీ బిగించాడు. వంగినప్పుడు చొక్కా కాలరు పక్కకి జరిగింది. మెడ కింద పసుపుపచ్చగా ఏదో కనిపించింది. నేను ఆగలేదు, కాలరు పట్టుకుని లాగాను. భుజం నుంచి వీపు దాకా అరచేయంత వెడల్పున కమిలి ఉంది.

"పోయిన ఆదివారం భుజానికేమైందంటే మెట్ల మీద పడ్డానన్నావు."

"రాడ్ల కట్ట," అన్నాడు. "అన్నయ్య ఎడమకి తిప్పుతున్నాడు. దారిలో నేనున్నా. సరిగ్గా అప్పుడే ఎవడో నాతో మాట్లాడాడు, వెనక అనడం ఆలస్యమైంది. అంతే వదినా. క్యాబిన్ నా వైపే తిరుగుతోంది. చూస్తున్నాడులే అనుకున్నా."

"ఎవరికి చెప్పావు?"

"ఎవరికి చెప్తా? చెబితే దింపేస్తారు. ఆ గది దిగితే అన్నయ్యకి ఏముంది?"

"ఆ కట్ట ఇంకో జానెడు ఇటు వచ్చుంటే నీకేముండేది?"

అతను తల వంచుకున్నాడు. కంటికి రెప్పలా కాచుకున్నాననుకున్నాడు అన్నని. ఆ రెప్పే మా కళ్ళకి అడ్డంగా నిలబడి, ఏం జరుగుతోందో ఎవరికీ కనపడకుండా చేసింది. అతను చెప్పాల్సింది ఇంకా ఏదో ఉందని మొహంలో కనిపిస్తోంది.

"రేపటి నుంచి నన్ను రెండో క్రేన్ కిందికి వేశారు," అన్నాడు చివరికి. "అన్నయ్య కిందికి ఇద్దరు కొత్తవాళ్లు. శుక్రవారమే చేరారు."

"రేపు ఏం ఎత్తాలి?"

"కిటికీ అద్దాలు. రోజంతా."

"ఎటు?"

తోక నా మొహంలోకి చూడలేదు. "ఎడమ బ్లాకుకి," అన్నాడు.

ఆ ఇద్దరు కొత్తవాళ్లకి 'వెనక' అన్న మాట తెలియదు. వాళ్లు రూలు ప్రకారం లోడు దిగే చోట నిలబడతారు, పైన ఉన్నవాడికి రెండు వైపులా కనిపిస్తుందని నమ్ముతారు. వాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు. స్టవ్ ఆర్పి, నోటు పుస్తకం తీసుకుని హాల్లోకి వెళ్ళాను.

"చూడు, ఆదివారం కూడా తగలడింది క్యాసెట్," అన్నారు ఆయన.

ఆట ఆపమని, పుస్తకం తెరిచి ఆయన ఒళ్ళో పెట్టాను. "నెల రోజుల నుంచి రాస్తున్నాను. మీరు ఎన్నిసార్లు చచ్చిపోయారో."

"దీనికి కూడా పద్దు పెట్టావా తల్లీ," అని పేజీ చూశారు. ఒక్క క్షణం చూసి నవ్వారు. "ఒకటేగా. నెలకి ఒక్కసారి చస్తే దానికింత హడావుడా?"

తోక గోడకి ఆనుకున్నాడు.

"రెండో పక్క కూడా చదవండి," అన్నాను.

"రెండో పక్క ఏముంది? ఖాళీయేగా."

నేను ఆయన చూపుడు వేలు పట్టుకుని ఆ ఒక్క గీత మీద పెట్టాను. మెల్లగా ఎడమకి జరిపాను. వేలు మధ్య గీత దాటింది. వేలి వెంట కళ్ళు వచ్చాయి, కళ్ళ వెంట మెడ తిరిగింది. గీతలు ఒక్కొక్కటే ఆయనకి కనిపించడం నేను ఆయన మొహంలో చూశాను. పేజీ అంచు దాకా ఉన్నాయి అవి. ముప్పై ఎనిమిది.

"ఇవి ఇప్పుడు రాశావా?" అన్నారు.

"నెల నుంచి."

చాలాసేపు పేజీని అటూ ఇటూ వంచి చూశారు. తర్వాత, "ఒరేయ్," అన్నారు తలెత్తకుండానే, "సైట్‌లో నాకు ఎన్నిసార్లు వెనక అంటావురా రోజుకి?"

"లెక్కపెట్టలేదు అన్నయ్యా."

"ఎప్పుడన్నా ఆలస్యమైందా?"

తోక నా వైపు చూశాడు. నేను కళ్ళు తిప్పుకోలేదు. చొక్కా పై గుండీలు విప్పి అన్న కుర్చీ దగ్గరికి వచ్చి వంగాడు. వచ్చింది ఎడమ నుంచే. ఆయన తల పూర్తిగా తిప్పాల్సి వచ్చింది చూడటానికి. చేయి చాపి, తాకకుండా, ఆ మచ్చ మీదుగా గాలిలోనే నిమిరారు.

అంతటితో ఆగుతారనుకున్నాను. మనిషి అంత తొందరగా లొంగడు. "తల తిప్పి చూస్తే అన్నీ కనిపిస్తున్నాయి," అన్నారు. "ఇన్నాళ్లూ తెలీక తిప్పలేదు. తెలిసిందిగా. తిప్పుకుంటూ నడిపితే సరి. ఒరేయ్, నువ్వు నోరు మూసుకుని కూర్చో." నా వైపు తిరిగారు. "నువ్వు ఆ టీవీ చప్పుడు తీసెయ్." జాయ్‌స్టిక్ అందుకున్నారు. "నుయ్యి-గొయ్యి దాటితే రేపు పైకి ఎక్కుతా. ఎవరూ అడ్డు చెప్పకూడదు."

నాకు ఒప్పుకోవాలని లేదు. కానీ వాదించి గెలిస్తే రేపు పొద్దున ఏడింటికి ఆ గెలుపు నిలవదని తెలుసు. టీవీ చప్పుడు తీసేశాను.

ఆయన బాగా ఆడారు. అది నేను ఒప్పుకోవాలి. పిట్ట తిప్పినట్టు తల ఎడమకీ కుడికీ తిప్పుతూ, వెన్ను కుర్చీకి ఆనకుండా ఆడారు. ఎడమ నుంచి వచ్చిన మొదటి బల్లిని చూశారు, గెంతారు. రెండోదాన్నీ చూశారు. మెడ నరం తాడులా బిగిసింది. తోక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు, అలవాటు ఎక్కడ బయటపడుతుందో అని. గొయ్యి దగ్గరికి వచ్చారు. వెనక మంద. ఆయన తల పూర్తిగా ఎడమకి తిప్పి మంద వైపే చూస్తూ పరిగెత్తించారు. చిరిగిన చొక్కా మనిషి నేరుగా వెళ్ళి గోతిలో పడిపోయాడు.

చప్పుడు తీసేశాం కాబట్టి రాగం వినిపించలేదు. తెర మీద, ఇంకోసారి ఆడతావా అని అడుగుతూ, పది నుంచి కిందికి అంకెలు మారుతున్నాయి.

"వెనక చూస్తే ముందు పోతోంది," అన్నారు ఆయన నెమ్మదిగా, ఎవరితోనో కాదు. జాయ్‌స్టిక్ కింద పెట్టారు. "ఫోను ఇటివ్వు."

ఫోను ఆయన ఎడమ మోచేతి పక్కనే ఉంది. నేను తీసి కుడి చేతిలో పెట్టాను.

సూపర్వైజరుతో ఎక్కువ మాట్లాడలేదు. "రేపు నేను ఎక్కడం లేదు. ఇంకెవరన్నా వచ్చేదాకా అద్దాలు ఎత్తించకండి… కళ్ళు… లేదు, కళ్ళకలక కాదు. సగం కనిపించడం లేదు… అవును, ఎక్కువ రోజులే అయింది. నాకూ ఇప్పుడే తెలిసింది." అవతలి మనిషి ఏదో గట్టిగా అన్నాడు. "సరే, ఎంతన్నా అనండి," అని పెట్టేశారు.

పెద్దాసుపత్రిలో ఆదివారం కూడా డాక్టర్లుంటారు. నేను చెప్పులు వేసుకుంటుంటే ఆయన గుమ్మం దగ్గర ఆగారు.

"నీకు చెబితే కంగారు పడతావని చెప్పలేదు," అన్నారు. "పొద్దుటి నుంచి తలనొప్పిగా ఉంది. ఆవేళ్టిలాగే."

అంటే జబ్బు కళ్ళలో కాదు, ఆవేళ తలలోనే ఏదో జరిగిందన్నమాట. నేను పుస్తకం తెరిచాను. 'ఎండదెబ్బ' అని రాసిన ఆ పాత పేజీ మడత పెట్టాను, డాక్టరుకి చూపించడానికి. ఇవాళ్టి తేదీ వేసి, టైము రాశాను. పుస్తకం సంచిలో పెట్టుకున్నాను.

"ఎటున్నావు?" అన్నారు మెట్ల మీద.

"ఎడమ పక్కన."

"కుడికి రా."

వెళ్ళాను. నా చేయి పట్టుకున్నారు, గట్టిగా. తోక ఎడమకి వెళ్ళాడు, ఎప్పుడూ ఉండే చోటికే. ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టాడు, బిగ్గరగా కాదు, నోట్లో ఏదో నములుతున్నట్టు.

"మెట్టు. ఇంకో మెట్టు. సైకిలుంది. గోడ. నెమ్మదిగా, అన్నయ్యా. మెట్టు."